నారు వేళ్లకు నొప్పి మాత్రలు వద్దు

మిరప నారు నాటేముందు బకెట్లో ఆస్పిరిన్ మాత్రలు కరిగించి వేళ్లు ముంచమని ఎవరైనా చెబితే, ఆ మాట వినకండి. పక్క రైతుకు చేరనివ్వకండి. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో అది చేజేతులా పంట పాడుచేసుకోవడమే.

ఈ సలహాలో సగం నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది. ఆస్పిరిన్ నీళ్లలో విడిపోతే సాలిసిలిక్ ఆమ్లం వస్తుంది. తెగులు సోకిన మొక్క తనను కాపాడుకోవడానికి దాన్ని తానే తయారుచేసుకుంటుంది. 1979లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో వైట్ అనే శాస్త్రవేత్త పొగాకు ఆకులకు ఆస్పిరిన్ ఎక్కిస్తే మొజాయిక్ వైరస్ మచ్చలు తగ్గాయి. మిగతా సగం వేళ్ల దగ్గరుంది.

తడిగుడ్డలో మూటకట్టిన పెసల్ని రెండోరోజు విప్పి చూడండి. తెల్లటి మొనలు పొడుచుకొచ్చి ఉంటాయి. గింజను ఎటు తిప్పిపెట్టినా ఆ మొన మళ్లీ కిందికే వంగుతుంది. దానికి దారి చూపేది ఆక్సిన్ అనే హార్మోన్. సాలిసిలిక్ ఆమ్లం ఎక్కువైతే ఆక్సిన్ నడక తప్పుతుందని, వేరు కురచబడి కిందికి దిగలేకపోతుందని 2020లో ఆస్ట్రియాలో ఫ్రిమ్ల్ బృందం ఆవాల కుటుంబానికి చెందిన ఓ చిన్న మొక్క మీద చూపింది. నెలసరి నొప్పికి వాడే మెఫెనామిక్ ఆమ్లం కుటుంబంలోని మందులు కూడా ఆక్సిన్ జోలికి వెళతాయని అదే ఏడాది తేల్చింది.

కాలవ నీళ్లు పారే మాగాణిలో వేరు కురచైనా మొక్క ఎలాగో బతుకుతుందేమో. మెట్టలో కుదరదు. వాన మొహం చాటేసి నల్లరేగడి నెర్రెలిచ్చిన రోజున అడుగు తేమను అందుకోవాల్సింది వేరు మాత్రమే. ఆ వేరునే మందులో ముంచి మొద్దుబారిస్తే మొక్కకు ఇంకేం మిగులుతుంది?

పిచికారీ అయితే ఫర్వాలేదా అంటే, అదీ వద్దు. ప్రయోగాల్లో వాడే సాలిసిలిక్ ఆమ్లం లీటరుకు సుమారు 0.1 గ్రాము, చాలాసార్లు అంతకన్నా తక్కువ. బాగా పనిచేయాలని ఇంకో షీటు మాత్రలు వేస్తే ఆకు మాడుతుంది. పైగా మందుల షాపులో నొప్పి బిళ్ల అడిగితే తరచూ చేతికొచ్చేది పారాసిటమాల్, డైక్లోఫినాక్. వాటినుంచి సాలిసిలిక్ ఆమ్లం రానేరాదు. గొడ్లకు వేసిన డైక్లోఫినాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని దేశమంతటా దాదాపు తుడిచిపెట్టింది. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించాల్సి వచ్చింది. అలాంటి మందును చేలో పోసుకుంటామా?

2021 చివర్లో నల్ల తామర పురుగు పూతలో దూరి మిరప తోటల్ని ఊడ్చేసింది. పెట్టుబడి కళ్లముందే పోతుంటే ఎవరేం చెప్పినా ట్యాంకులో పోయాలనిపిస్తుంది. ఆ బాధ తెలియక ఈ మాట అనడం లేదు. తెలిసే, మరో నష్టం నెత్తిన పడకూడదనే అంటున్నాం.

జగ్గయ్యపేట మండలం గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తెగులు సోకిన మొక్కను వేళ్లతో సహా పీకి అక్కడ చూపించండి. వెళ్లలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.