బాగానే పనిచేస్తోంది కదా!

రుసైల్ పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీకి నేను కన్సల్టెంటుని. 2025 వేసవిలో అక్కడ స్టోర్స్ చూసే కడప కుర్రాడు నన్నొక మాట అడిగాడు. "అన్నా, ఈ కంప్యూటర్ బాగానే పనిచేస్తాంది గదా, ఎందుకు మార్చాల?"

విండోస్ 10 గడువు, ప్యాచ్‌లు, భద్రత అంటూ పది నిమిషాలు ఉపన్యాసం దంచాను. పాపం, మర్యాదగా తల ఊపాడు.

మద్దతు ఆగిపోవడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 మద్దతు ముగిసింది. మర్నాడు పొద్దున కూడా అవన్నీ మామూలుగానే లేచాయి. చిక్కంతా అక్కడే ఉంది. వై2కే అంటే అందరం భయపడ్డాం కాబట్టి పని జరిగింది. ఈ గడువు చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. దెబ్బ మాత్రం తర్వాతెప్పుడో తగులుతుంది.

2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మద్దతు ఉన్న విండోస్‌లకి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. 2014లో మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి మాత్రం అందరికీ అందే ప్యాచ్ దాడి జరిగాకే వచ్చింది. చేతులు కాలాక ఆకులన్నమాట.

ఇంత తెలిసీ నేను చేసిందేమిటి? నెట్‌వర్క్‌లో కనిపించిన మెషీన్ల జాబితా తీశాను. విండోస్ 11కి కావలసిన టీపీఎం 2.0, ప్రాసెసర్ ఉన్నాయో లేదో చూశాను. పాతవి మార్పించాను. ప్యాకింగ్ దగ్గరి కంప్యూటర్‌కి తూకం మెషీన్, లేబుల్ ప్రింటర్ తగిలించి ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో నడవలేదు. రెండు రోజులు సరుకు కదల్లేదు. కుర్రాడు లేబుళ్ళు చేత్తో రాశాడు. "ఆ లేబుళ్ళు పాతదాంట్లోనే వస్తాయన్నా, నన్నడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. నేనడగలేదు. ఉపన్యాసమిచ్చాను.

అందుకే నా అభిప్రాయం: లెక్కపెట్టాల్సింది కంప్యూటర్లని కాదు, వాటిమీద జరిగే పనులని. ప్రతి పనీ చేసే మనిషిని అడగాలి. ఆ తర్వాత మూడు కుప్పలు చేయండి. మార్చగలిగినవి మార్చేయండి. ఇంకొంత కాలం పట్టేవాటికి పొడిగింపు కొనండి. ఎప్పటికీ మార్చలేనివాటిని ఇంటర్నెట్‌కి దూరంగా, విడి నెట్‌వర్క్‌లో పెట్టి, డిస్క్ మొత్తానికి బ్యాకప్ తీసి ఉంచండి.

పొడిగింపు మందు కాదు, అద్దె. వ్యాపార సంస్థలకి మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ధర ఒక్కో కంప్యూటర్‌కి మొదటి ఏడు 61 డాలర్లు. అది ఏటా రెట్టింపై మూడేళ్ళకి మొత్తం 427 అవుతుంది. ఆలస్యంగా చేరినా వెనకటి ఏళ్ళ బాకీ కట్టాల్సిందే. అంత డబ్బు పోసేముందు, ఆ గడువులో ఏ పని ముగిస్తామో కాగితంమీద రాసుకోకపోతే అద్దె దండగే.

విండోస్ సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12. ఈసారి జాబితా మొదలుపెట్టింది సర్వర్ గదిలో కాదు. స్టోర్స్‌లో, ఆ కుర్రాడి పక్కన కూర్చుని, చాయ్ తాగుతూ.