నీటికి బదులు ప్లాస్టిక్కు

కేన్సర్ రోగికి ఒక్క పూట ఇచ్చే కిరణ చికిత్సలో సామాన్యంగా రెండు గ్రేల మోతాదు ఉంటుంది. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. ఆ రెండు గ్రేల శక్తి యావత్తూ వేడిగా మారినా నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే పెరుగుతుంది. రోగికి స్పర్శ తెలియదు, నొప్పి తెలియదు. చేయి వేసి చూసిన వైద్యునికీ ఏమీ తెలియదు. అయినప్పటికీ ఆ స్వల్పశక్తి జీవకణంలోని జన్యుపదార్థాన్ని ఛేదించగలదు.

ఇంద్రియాలకు అందని ఈ మందును కొలిచి ఇవ్వవలసి ఉన్నది. కొలతలో తేడా ఐదు శాతం దాటరాదని వికిరణ ప్రమాణాల అంతర్జాతీయ సంఘం 1976లోనే సూచించింది. మోతాదు తగ్గితే కంతి మళ్ళీ తలయెత్తవచ్చు. పెరిగితే పక్కనున్న ఆరోగ్యకరమైన కండ, నరము, లాలాజల గ్రంథి దెబ్బతింటాయి. ఒకసారి ఇచ్చిన మోతాదును వెనుకకు తీసుకొనే ఉపాయం లేదు.

బ్రతికి ఉన్న మనిషి దేహంలో కోరిన చోటనల్లా కొలమానిని అమర్చలేము. అందుచేత దేహానికి ప్రతినిధిగా ఒక వస్తువును బల్లపై ఉంచి, దానిలో కొలమానిని పెట్టి, కిరణాలను ప్రసరింపజేసి చూస్తారు. దీనిని ఫాంటమ్ అంటారు. మన దేహంలో అధిక భాగం నీరే గనుక మొదటి ప్రతినిధి నీరు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2000 సంవత్సరంలో వెలువరించిన నియమావళి కూడా మోతాదును నీటిలోనే నిర్ణయించమంటుంది. కాని నీటికి ఆకారం లేదు. నీటితో ముక్కు చేయలేము, దవడ చేయలేము. ఈ లోటు తీర్చడానికే నీటివలె ప్రవర్తించే గట్టి ప్లాస్టిక్కులు పుట్టాయి. 1982లో వర్ణింపబడిన ‘సాలిడ్ వాటర్’ వాటిలో ప్రసిద్ధమైనది. మనిషి ఆకారంలో సిద్ధంగా దొరికే విదేశీ బొమ్మలూ ఉన్నవి గాని, వాటి ఖరీదు లక్షల్లో ఉంటుంది.

రాయపూర్ ముందున్న అవసరం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో 1963లో వైద్య కళాశాల ఏర్పడినది. దానికి అనుబంధమైన డాక్టర్ అంబేడ్కర్ స్మారక ఆసుపత్రిలో ప్రాంతీయ కేన్సర్ కేంద్రం ఉన్నది. 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, 2018లో నవ రాయపూర్‌లో బాల్కో వైద్య కేంద్రం వచ్చి చేరాయి. అటు సర్గుజా నుండి ఇటు బస్తర్ దాకా గల పల్లెల ప్రజలకు ఈ నగరమే పెద్ద దిక్కు. పొగాకు, గుట్కాలతో పాటు, పండ్లకు రుద్దుకొనే ‘గుడాఖు’ అనే పొగాకు ముద్ద ఈ ప్రాంతపు అలవాటు. పొగాకు నమలడం, నోటిలో ఉంచుకొనడం నోటి కేన్సర్‌కు ప్రధాన కారణాలన్నది వైద్యలోకం ఏనాడో తేల్చిన సత్యం.

నోరు, దవడ, గొంతు చికిత్సకు కష్టమైన చోట్లు. ఎముక, గాలి, మెత్తని కండ బెత్తెడు మేర లోపలే కలిసి ఉంటాయి. విదేశీ బొమ్మకు ఒకే ముఖం; రోగులకు ఎవరి ముఖం వారిది. శస్త్రచికిత్సలో దవడ కొంత తీసివేసిన వానికి ఏ బొమ్మా సరిపోదు. ఆ రోగి స్కాన్ చిత్రాల ఆధారంగానే అతని తల నమూనాను ప్లాస్టిక్కుతో ముద్రించుకొనే మార్గం త్రీ-డీ ప్రింటర్ వలన ఏర్పడినది. సన్నని ప్లాస్టిక్కు తీగను కరిగించి, సుమారు 0.4 మిల్లీమీటర్ల రంధ్రం గుండా పొరమీద పొరగా పోసే ఈ పద్ధతిని 1980ల చివర స్కాట్ క్రంప్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించాడు. నేడు మన దేశంలో సాధారణపు తీగ కిలో వెయ్యి రూపాయలకు అటూ ఇటుగా లభిస్తున్నది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఏ ప్లాస్టిక్కు?

కంటికి కాదు, కిరణానికి

బొమ్మ రోగిని పోలి ఉండవలసినది మన కంటికి కాదు, కిరణానికి. చికిత్సలో వాడే అధికశక్తి ఎక్స్-కిరణాలు ముఖ్యంగా ఎలక్ట్రాన్లను ఢీకొని శక్తిని కోల్పోతాయి. కాబట్టి ఘన సెంటీమీటరులో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నవనేదే మొదటి లెక్క.

మొక్కజొన్న, చెరకు వంటి పంటల చక్కెరల నుండి తయారయ్యే పి.ఎల్.ఏ. అనే ప్లాస్టిక్కు సాంద్రత 1.24. ముద్రించడం సులభం, వాసన తక్కువ. అయితే సమాన ఘనపరిమాణంలో నీటికంటె దానిలో సుమారు 18 శాతం ఎక్కువ ఎలక్ట్రాన్లు ఉంటాయి. అంటే పది సెంటీమీటర్ల పి.ఎల్.ఏ. కిరణానికి దాదాపు పన్నెండు సెంటీమీటర్ల నీటితో సమానం. లోతున ఒక్కొక్క సెంటీమీటరుకు మూడు, నాలుగు శాతం చొప్పున క్షీణించే కిరణానికి ఇది ఆరు శాతం వరకు తేడా. అనుమతించిన ఐదు శాతం ఇక్కడే హరించుకుపోయింది! దానిని నీరుగా భావించడమే దోషం. తేడా తెలిసి లెక్కలో సవరించుకొంటే పి.ఎల్.ఏ. వాడదగినదే.

ఏ.బి.ఎస్. అనే మరొక ప్లాస్టిక్కు సాంద్రత 1.04. ఎలక్ట్రాన్ల లెక్కలో ఇది నీటికి ఒక్క శాతం దూరంలోనే ఉన్నది. కాని ముద్రించేటప్పుడు అంచులు లేచిపోతాయి, పొరలు విడివడతాయి, ఘాటైన స్టైరీన్ వాసన వస్తుంది. పైగా తక్కువశక్తి ఎక్స్-కిరణాల వద్ద న్యాయం వేరు. అక్కడ పరమాణు సంఖ్య ప్రధానమవుతుంది. ఆక్సిజన్ పాలు గల పి.ఎల్.ఏ. ఆ విషయంలో ఏ.బి.ఎస్. కంటె నీటికి దగ్గర. ఏ శక్తికి వాడతామో తెలియకుండా ఏది మేలని చెప్పడం కుదరదు.

రంగు కూడా అమాయకమైనది కాదు. తెల్లని తీగలో తెలుపు కోసం సామాన్యంగా టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. ఆక్సిజన్ పరమాణు సంఖ్య 8, టైటానియంది 22. తక్కువశక్తితో పనిచేసే సి.టి. స్కాన్‌కు ఇట్టి తీగ ఉన్నదానికంటె దట్టంగా కనిపించవచ్చు. అధికశక్తి చికిత్స కిరణానికి ఆ తేడా అంతగా ఉండదు. స్కాన్ సంఖ్యను నమ్మి మోతాదు లెక్కించే కంప్యూటరు అక్కడ మోసపోతుంది. లోహపు పొడి కలిపిన తీగల సంగతి చెప్పనక్కరలేదు.

తూచి చూడవలసినది

ప్రింటర్ లోపలి భాగాన్ని పూర్తిగా నింపకుండా జాలీవలె అల్లగలదు. ఇది ఒకందుకు వరం. ఊపిరితిత్తి సాంద్రత నీటిలో మూడవ వంతుకంటె తక్కువ గనుక, పాతిక శాతం మాత్రమే నింపి దానిని పోలిన ముక్క చేయవచ్చు. కాని జాలీ గదులన్నీ ఒకే వరుసలో తెరచి ఉంటే కిరణం వాటి మధ్యగా జారిపోతుంది. నూరు శాతం నింపమని ఆదేశించినా పొరల మధ్య గాలి చిక్కుకొనడం కద్దు.

దీనికి పరీక్ష కిరాణా దుకాణంలో జరిగే పనివంటిది. అయిదు సెంటీమీటర్ల భుజం గల ఘనాన్ని ముద్రించి తూచాలి. పి.ఎల్.ఏ. అయితే 155 గ్రాములు, ఏ.బి.ఎస్. అయితే 130 గ్రాములు తూగాలి. 155కు బదులు 148 తూగితే దాదాపు నాలుగున్నర శాతం శూన్యమే. తూకంలో నెగ్గిన ఘనాన్ని స్కాన్ చేసి లోపలి బొల్లి ఖాళీలను చూడాలి. ఆపై అదే తీగతో పలకలు ముద్రించి, అయనీకరణ గది అనే కొలమానిని వాటి క్రింద ఉంచి, నీటితో వచ్చిన అంకెతో పోల్చాలి. కొత్త చుట్ట విప్పిన ప్రతిసారీ ఈ క్రమం మొదటికి రావలసిందే; అదే పేరు గల రెండు చుట్టలు ఒకటే కావు.

రాయపూర్ వాతావరణం మరొక పరీక్ష పెడుతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయని మన సామెత. అక్కడి ప్రజలు ‘నౌతపా’ అనే ఆ రోజులలో 45 డిగ్రీల ఎండ వింత కాదు. పి.ఎల్.ఏ. అరవై డిగ్రీల దరిదాపులలో మెత్తబడుతుంది; ఎండలో మూసి ఉంచిన కారులో ఆ వేడి పుట్టడం కష్టం కాదు. ఒంగిన దవడలో కొలమాని స్థానం తప్పుతుంది. ఏ.బి.ఎస్. నూరు డిగ్రీల దాకా నిలుస్తుంది. వానాకాలంలో తీగ తేమను పీల్చుకొంటుంది; ముద్రించే వేళ ఆ తేమ ఆవిరియై కంటికి కనపడని బుడగలను మిగులుస్తుంది. మూత బిగించిన డబ్బాలో, తేమను లాగే సిలికా జెల్ పొట్లాలతో పాటు చుట్టను భద్రపరచడం శ్రేయస్కరం.

చుట్టపై అంటించిన చీటీ వర్తకుని మాట. ఘనం బరువు, స్కాన్ చిత్రం, కొలమాని చూపిన అంకె — ఈ మూడూ సాక్ష్యాలు. సాక్ష్యాలను నమ్మి బొమ్మను ఎన్నుకొన్న చోట, బస్తర్ నుండి బస్సెక్కి వచ్చిన రోగికి ముప్పయి పూటలా వైద్యుడు వ్రాసిన మోతాదే అందుతుంది.