పలుకుల పొందిక: ఉత్సాహము తీఱునా?

సంక్రాంతికి మాయింట బొమ్మలకొలువు ముగిసిన మఱునాఁడు పదియేండ్ల మా యమ్మాయి తన యమ్మమ్మకు జాబు వ్రాయుచు, “ఈయేఁడు నా ఉత్సాహమంతయుఁ దీఱినది” అని వ్రాసినది. నేనది చూచి పకపక నవ్వితిని. “ఉత్సాహము తీఱుట యెందైనఁ గలదా? ఇన్నాళ్లు చదివిన చదు విదియేనా?” అంటిని. పిల్ల మాఱుపలుకక జాబు మడిచి పెట్టెలోఁ బెట్టివేసినది. మఱి యాదినమున కలము ముట్టలేదు.

నేను తప్పు చూపితినే కాని, అది యేల తప్పో చెప్పనైతిని. ఆనాఁడు చెప్పవలసియుండిన మాట యిది.

మన భాషలో నొక్కొక్క నామమునకుఁ దగిన క్రియలు కొన్ని యుండును. వేడుక పడుదుము, ముచ్చట పడుదుము, ఉబలాటపడుదుము. ఇవన్నియుఁ దీఱును. కొలువు చూచితిమా, వేడుక తీఱినది; కాసులపేరు మెడలో వేసికొంటిమా, ముచ్చట తీఱినది. కోరినది చేతికందఁగనే ముగియునవి గనుక వానికి ‘తీఱు’ అను క్రియ చెల్లును.

ఉత్సాహము త్రోవ వేఱు. అది కలుగును, పెరుఁగును, పొంగును, ఉఱకలు వేయును; లేదా, తగ్గును, చల్లాఱును, నీరుగాఱును. అంతియే కాని తీఱదు. కారణము దాని పుట్టుకలోనే యున్నది. ‘ఉత్’ అను నుపసర్గతోఁ గూడిన ‘సహ్’ ధాతువునుండి యీమాట యేర్పడినది. ఓర్చుట, సమర్థతతో నిలుచుట యని యాధాతువున కర్థము. నాట్యశాస్త్రమున భరతముని వీరరసమునకు స్థాయిభావముగాఁ జెప్పిన దీయుత్సాహమునే. రాజునకుఁ గావలసిన ప్రభుశక్తి, మంత్రశక్తి, ఉత్సాహశక్తులలో నిది యొకటి. ఒక పని ముగియఁగనే మఱియొకదానికి నడుము కట్టించునది తీఱుట యెట్లు?

ఇంకొక విశేషము గమనింపుఁడు. ఉత్సాహము తనంతఁ దానే పొంగును. కాని “ఉత్సాహముపై నీళ్లు చల్లుట” యన్నచో, చల్లుటకు మఱియొకరు కావలయును. ఆనాఁడు మాయింట నామఱియొకరు నేనే యైతిని.

సాయంకాలము మావారు బడినుండి వచ్చి సంగతి విని, “పాలు పొంగిపోవునపుడు పైని నాలుగు చుక్కలు చిలుకరింతువు గదా! పొయ్యిలోనే చెంబెడు నీళ్లు గ్రుమ్మరించిన నిఁక పాలెట్లు కాఁగును?” అనిరి. నాకు సిగ్గయినది.

రాత్రి పిల్లను దగ్గఱ కూర్చుండఁబెట్టుకొని పైమాటలన్నియు మెల్లగాఁ జెప్పితిని. అది కొంతసేపాలోచించి, జాబు మరల తీసి, “వేడుక తీఱినది, వచ్చు సంవత్సరపు కొలువునకు ఉత్సాహము పెరిగినది” అని దిద్దుకొన్నది. మఱునాఁడా జాబు టపాలోఁ బడినది.

మీ యూళ్ల వాడుకలో ఉత్సాహమునకుఁ దోడగు క్రియ లింకేమున్నవో వ్రాసి పంపుఁడు. ఈ పుటలోఁ బ్రకటింతును.