చెవిన పెట్టని చక్రం మోత

ఇరుసుకు కందెన పెట్టకుండా, చీల చూసుకోకుండా సంతకు బండి కట్టిన రైతు వెనుకటికి అరుదు. కందెన ఎండిన బండి కిర్రుమంటూ పోతుంటే వీధిలోని వారంతా నవ్వేవారు. ఇప్పుడు డెల్టా గ్రామాల్లో ఎడ్లబండ్లు దాదాపు కనుమరుగయ్యాయి. ట్రాక్టర్లు, రెండు మూడు చేతులు మారిన పాత కార్లు, వ్యాన్లు ఆ స్థానంలోకి వచ్చాయి. బండి మారినా చక్రానికి ఇరుసు, కందెన, చీల తప్పలేదు. వాటిని చూసుకునే అలవాటు మాత్రం పోయింది. ఇది శోచనీయం.

కారు చక్రం హబ్బులో కంటికి కనిపించకుండా ఉండే బేరింగు ఒక్కరోజులో చెడిపోదు. మొదట సన్నగా మోత పెడుతుంది. ఆ మోతను పాటల హోరులో కలిపేసుకుని నెలల తరబడి తిప్పేవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. చివరకు గ్రీజు కరిగిపోయి, హబ్బు వేడెక్కి, గుళ్ళు పగిలి, చక్రం బిగుసుకుపోవడమో ఊడిపోవడమో జరుగుతుంది. పెళ్ళివారిని ఎక్కించుకున్న బండికి కాలువ గట్టు మీద ఆ పరిస్థితి వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పల్లెటూరి బళ్ళకు ఈ బెడద మరీ ఎక్కువ. దమ్ము చేసే ట్రాక్టరు ముందు చక్రాలు గంటల తరబడి బురదలో నానుతాయి. సీలు కాస్త చిరిగితే చాలు, నీరు లోపలికి పోయి గ్రీజును పాలవలె తెల్లగా మారుస్తుంది. తర్వాత తుప్పు. కార్లకు వరద నీరు అలాంటిదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నీట మునిగిన బండిని చవకగా వస్తున్నదని కొనేవారు ఇంజను, సీట్లతో పాటు నాలుగు చక్రాల బేరింగులూ చూడవలసి ఉంటుంది. మరొక సంగతి చాలామందికి తెలియదు. ట్రక్కుకు వెల్డింగు చేయించేటప్పుడు ఎర్తు తీగను అతికే చోటికి దగ్గరగా కాక ఎక్కడో చక్రానికి తగిలిస్తే, కరెంటు బేరింగు గుండా పోయి గుళ్ళ మీద గుంటలు పడతాయి. ఆ తప్పు ఎవరిదో ఆ తర్వాత ఎవరికీ అంతుపట్టదు.

జబ్బు కనిపెట్టడానికి పట్నం పోనక్కరలేదు. వేగంతో పాటు పెరిగే గూమనే మోత మొదటి గుర్తు. ఖాళీ రోడ్డు మీద, ఇంజను ఆపకుండా, క్షణంపాటు గేరు తప్పిస్తే ఇంజను చప్పుడు తగ్గుతుంది. మోత అలాగే ఉంటే అది చక్రాల వైపుది. సిమెంటు రోడ్డు దిగి తారు రోడ్డు ఎక్కగానే మోత మారిపోతే టైర్లను అనుమానించాలి. మారకపోతే బేరింగునే. బండిని ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రాలపై పడుతుంది. అప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడివైపు బేరింగుది లోపం. కుడికి తిప్పితే ఎడమది. ఇది ప్రతిసారీ నిజం కాకపోవచ్చు కనుక చక్రాన్ని ఎత్తి చూడాలి.

చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి జాకీ వేయాలి. జాకీని నమ్మి బండి కిందికి దూరరాదు. బలమైన స్టాండు పెట్టాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే కదలిక చేతికి తెలుస్తుంది. ఆ సమయంలో మరొకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. కదలిక ఆగిపోతే బేరింగులో లోపం. ఆగకపోతే బాల్ జాయింటు వంటిది అరిగి ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష తెలియక బేరింగుకు బదులు మరొకటి మార్పించుకుని డబ్బు పోగొట్టుకునే వారున్నారు. ఆ తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేయి స్ప్రింగు మీద ఆనిస్తే, లోపల గరుకు ఉన్నదీ లేనిదీ వేళ్ళకే తెలుస్తుంది.

ఇక మార్చే విషయం. అన్నీ పట్నంలోనే జరగాలనే వారూ, సుత్తి ఉంటే ఏదైనా చేయవచ్చుననే వారూ ఉన్నారు. ఇద్దరి మాటా తప్పే. ట్రాక్టరు ముందు చక్రాలకు, ట్రక్కులకు, కొన్ని పాత బళ్ళకు లోపలొకటి బయటొకటిగా రెండు టేపరు బేరింగులు ఉంటాయి. ఓపిక ఉన్న రైతు వీటిని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. టోపీ తీసి, పిన్ను లాగి, నట్టు విప్పితే హబ్బు బయటకు వస్తుంది. బేరింగును కిరోసినుతోనో డీజిలుతోనో కడిగి ఆరబెట్టి చూడాలి. పెట్రోలు పనికిరాదు, నిప్పుతో చెలగాటం. గుంటలు, నీలిరంగు కనిపిస్తే బేరింగును, హబ్బులో కూర్చునే దాని గిన్నెను జతగా మార్చాలి. గిన్నె పాతది ఉంచి పైది మాత్రమే కొనడం పొదుపు కానే కాదు. సీలూ కొత్తదే వేయాలి. గ్రీజును అరచేతిలో పెట్టుకుని బేరింగును అద్దుతూ పోతే రోలర్ల సందుల్లోంచి పైకి ఉబకాలి. పైపైన పూస్తే చాలదు. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత కొద్దిగా వదులు చేయాలి. చక్రం తేలికగా తిరగాలి, ఊగరాదు. పిన్ను ఎప్పుడూ కొత్తదే. దాని స్థానంలో మేకు, కట్టు తీగ దోపడం మన ఊళ్ళలో పెద్ద రివాజు. ఎడ్లబండి చీలకు ఇచ్చిన గౌరవం ఈ పిన్నుకు లేకపోవడం విచిత్రం.

ఇప్పటి కార్లలో చాలావాటి ముందు బేరింగుల సంగతి వేరు. వాటిని ప్రెస్సుతో ఒత్తి ఎక్కించాలి. బయటి రింగును ఒత్తవలసిన చోట లోపలి రింగును సమ్మెటతో బాదితే ఆ దెబ్బ గుళ్ళ గుండా పోయి, కొత్త బేరింగు పెట్టెలోంచి తీసిన రోజే దెబ్బతింటుంది. కొద్ది వారాల్లో మళ్ళీ మోత. అప్పుడు మెకానిక్కు కంపెనీని తిడతాడు, యజమాని మెకానిక్కును తిడతాడు. ఏబీఎస్ బ్రేకులున్న బండిలో అయస్కాంతపు సీలు ఉన్న వైపు తిరగబడితే మీటరు మీద హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇంటి పెరట్లో చేయదగిన పని కాదిది. విప్పిన భాగాన్ని ప్రెస్సు ఉన్న లేతు షాపుకు పట్టుకుపోవడం, లేదా బండినే మంచి వర్కుషాపుకు ఇవ్వడం మేలు. ఇరుసు నట్టును కంపెనీ చెప్పిన బిగువుకు టార్కు రెంచితో బిగించమని గట్టిగా అడగాలి.

అడిగితే మెకానిక్కు చిన్నబుచ్చుకుంటాడన్న మొహమాటం ఒకటి ఉంది. తీసిన పాత బేరింగును చూపించమనడం బండి యజమాని హక్కు. కొత్తదాని పెట్టెను, బిల్లును ఇంటికి తెచ్చుకోవడం కూడా అంతే. నకిలీ సరుకు వచ్చిందని తేలితే నిలదీయడానికి ఆ కాగితమే ఆధారం. మోటారు మెకానిక్కు శిక్షణ ఇచ్చే ఐటీఐలు దమ్ము సీజనుకు ముందు పంచాయతీ ఆవరణలో ఒకపూట ఈ పరీక్షలు చేసి చూపిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఒక జాకీ, ఒక పాత హబ్బు చాలు.

కొత్త బేరింగు వేసిన బండిని పది మైళ్ళు తిప్పి ఆపి, రెండువైపులా హబ్బుల దగ్గర చేయి పెట్టి చూడాలి. ఒకటి గోరువెచ్చగా, రెండోది చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బిగువు ఎక్కువైందో, బ్రేకు పట్టుకుందో అన్నమాట. ఆ బండిని మర్నాటి ప్రయాణానికి తీయకుండా మళ్ళీ విప్పాలి.