చప్పట్లకు అవతల గోల్కొండ

గోల్కొండకు వెళ్లినవాళ్లంతా ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని మురిసిపోయి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఆ కోటకు అంతకంటే పెద్ద కథ ఉంది, అది మన తెలుగు కథ కూడా. 1550లో గద్దెనెక్కిన ఇబ్రహీం కుతుబ్ షా అంతకుముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నవాడు. తెలుగు రుచి అక్కడే తలకెక్కింది. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నిగంటి తెలగన అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. దొరతనం పోయింది గానీ జనం పోలేదు. ఆషాఢం రాగానే జంటనగరాల్లో తొలి బోనం ఎక్కేది ఈ కోట మీది జగదంబకే. పసుపు పూసి, వేపమండలు కట్టిన కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు అంతెత్తు మెట్లెక్కుతారు. ఆ తర్వాతే పాతబస్తీలో లాల్‌దర్వాజా, హరిబౌలి బోనాలు. హరిబౌలి గుడికి గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల పేరే నిలిచింది. ఈ కోటను ఒక మతం ఖాతాలో రాసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. మల్కిభరాముడి పేరు, తెలగన పేరు ఆ కోట గుమ్మంలోనే పెద్ద తెలుగు అక్షరాల్లో, ఉర్దూలో కూడా, చెక్కించాలి. బడిపిల్లలను చప్పట్లు కొట్టించడానికి తీసుకెళ్లే పంతుళ్లు ముందు ఆ పేర్లు చదివించాలి.