కార్డు చూడని బొగ్గు

ఎండాకాలం వచ్చిందంటే మా నాయిన బండి కట్టి పాటిగడ్డ మీదికి పోయేవాడు. ఎప్పుడో ఊరుండి పాడుబడ్డ దిబ్బ అది. బూడిద, కుండపెంకులు, ఎముక ముక్కలు, బొగ్గు నలుసులు కలిసిన ఆ మన్ను ఎర్ర చెలకలో పోస్తే నాలుగేళ్లదాకా పెంట తోలే పనిలేదనేవాడు. చరిత్రంతా చేన్లపాలైందని పురావస్తు శాఖవాళ్లు మొత్తుకుంటారు, వాళ్ల బాధా నిజమే. 

ఆ చెలకకు ఇప్పుడు భూసార కార్డు ఉంది. అందులోని పన్నెండు అంశాల్లో ఒకటి సేంద్రియ కర్బనం. 0.5 శాతంలోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. నాది తక్కువ. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, ఆ అంకె ఎట్లా పుట్టిందో చూడకుండా ఉండలేకపోయాను. 1934లో వాక్లీ, బ్లాక్ చెప్పిన పద్ధతి అది. మట్టిలో పొటాషియం డైక్రోమేటు, గంధకామ్లం పోసి, ఆక్సీకరణ చెందిన కర్బనాన్ని లెక్కగడతారు. కుళ్లిన ఆకూ పెంటా తొందరగా లొంగుతాయి. కట్టెబొగ్గు మొండిది. కొంత లెక్కకొస్తుంది, కొంత రాదు. ఎంత రాలేదో కార్డు చెప్పదు.

ఇన్నాళ్లూ ఇది పెద్ద నష్టం కాదు. ఇప్పుడు బయోచార్ మాట ఊళ్లోకొచ్చింది. పత్తికట్టెను చేనుగట్టున తగలబెట్టకుండా, గాలి తగ్గించి బొగ్గుచేసి నేలలో కలపండి, కర్బనం దాచినందుకు క్రెడిట్లూ వస్తాయంటున్నారు. మంచిదే. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా (CRIDA) ఇనుప డ్రమ్ముతోనే బట్టీ చేసి చూపించింది. మా జనగామ జిల్లాకూ ఇది కొత్తకాదు. దేవరుప్పుల మండలం పెద్దమడూరులో ఎన్. సాయి భాస్కర్ రెడ్డి జియో సంస్థ తరఫున చాలా ఏళ్ల కిందే పొయ్యిల మీదా బయోచార్ మీదా పనిచేశారు. అక్కడ నేలలో కలిపిన బొగ్గు ఇప్పుడెట్లా ఉంది? క్రెడిట్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ముందు అడగాల్సింది ఇదే.

దీనికి జవాబిచ్చే పనిముట్టు ఎక్స్‌రే. ఆస్పత్రిలో ఫొటో తీసేది కాదు, ఎక్స్‌రే శక్తిని మెట్టుమెట్టుగా పెంచుతూ నమూనా ఎక్కడ ఎంత మింగిందో కొలిచేది. కర్బన పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఒక ప్రత్యేక శక్తి దగ్గర ఎక్స్‌రేను మింగి పైకెగురుతుంది. పక్కన ఏ పరమాణువు ఎట్లా అతుక్కుందో దాన్నిబట్టి ఆ శక్తి కొద్దిగా జరుగుతుంది. వలయాలుగా అల్లుకున్న బొగ్గు కర్బనం 285 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం చూపిస్తుంది. ఆక్సిజన్ చేరి కార్బాక్సిల్‌గా మారినచోట 288.5 దగ్గర ఇంకొకటి లేస్తుంది. 2005లో కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త యోహానెస్ లెహ్‌మాన్ బృందం మట్టిలోని బొగ్గు నలుసులను ఇట్లాగే పరీక్షించింది. నలుసు కడుపు బొగ్గుగానే ఉంటుంది, పైపొర మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఆక్సీకరణ చెందుతుంది. పొటాషియం, కాల్షియం లాంటివాటిని పట్టి ఉంచేది ఆ పైపొరే. అమెజాన్ అడవిలో పాత మనుషుల బొగ్గు, బూడిద, ఎముకలతో నల్లబడ్డ నేలలు ఇంకా సారంగా ఉండడానికి ఇదొక కారణం. ఇది చదివినప్పుడు నాకు మా పాటిగడ్డే గుర్తొచ్చింది.

ప్రతి చేనుకూ ఈ పరీక్ష చేయమనడం లేదు, అది కుదిరే పని కాదు. నలుసంత నమూనాతో ఎకరం సంగతి తేలదు, ఇట్లాంటి ఎక్స్‌రేను పుట్టించే పెద్ద యంత్రం సింక్రోట్రాన్‌లో వంతు దొరకడమూ సులువు కాదు. అయినా ఇండోర్‌లో రాజా రామన్న కేంద్రంవారి ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, కర్బనం చూడగల తక్కువ శక్తి ఎక్స్‌రే ఏర్పాటూ అక్కడుంది. బయోచార్ కలిపిన చేను, కలపని చేను, పాటిమన్ను పోసిన చెలక: ఈ మూడు రకాల మట్టిని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమో క్రీడానో అక్కడికి పంపితే చాలు. అవే నమూనాలను మామూలు ల్యాబులోనూ పరీక్షించి, కార్డు ఎంత బొగ్గును వదిలేస్తోందో తేల్చాలి. ఆ తర్వాతే క్రెడిట్ల ధర మాట్లాడాలి. అంతదాకా రైతు చేత ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టించొద్దు.

పత్తి ఏరడం అయిపోయి, దుక్కుల ట్రాక్టర్లు దిగకముందే మట్టి తీయాలి. దున్నితే పైమన్నూ అడుగుమన్నూ కలిసిపోయి, బొగ్గు ఏ లోతున ఉండేదో ఎవరూ చెప్పలేరు.