లింకు మనది, లాభం ఎవరిది?

ఇంట్లో కూర్చుని నెలకు 50 వేలు. ఫోనుంటే చాలు. సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎవడి ముందూ చేతులు కట్టుకుని నిలబడే పని లేదు. నీకు నువ్వే దొర.

ఈ మాట వినని వాడ ఇవాళ ఎక్కడుంది? మా వాడకూ వచ్చింది. తెచ్చినవాడు బయటివాడు కాదు. నా దగ్గర ఆరో తరగతి నుంచి పది దాకా చదివిన పిల్లవాడు. బీఎడ్ చేశాడు. టీచర్ పోస్టుల పరీక్ష కోసం కాచుకుని కూర్చున్నాడు. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత ఆ పరీక్ష మళ్లీ జరిగింది 2024లో. ఆ మధ్యలో వాడికి పెళ్లయింది, బిడ్డ పుట్టింది, అప్పు పుట్టింది. ఉద్యోగం మాత్రం పుట్టలేదు.

అట్లాంటి రోజుల్లో వాడి ఫోనుకు ఒక లింకు వచ్చింది. 6,999 రూపాయలు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు కొనాలి. కొన్నాక అదే కోర్సును ఇంకొకరికి అమ్మితే తలకు 4,000 కమీషన్. దీనికి వాళ్లు పెట్టిన పేరు అఫిలియేట్ మార్కెటింగ్. వాడి దగ్గర 6,999 ఎక్కడివి? వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో తెచ్చిన లోనులోంచి కట్టాడు.

ఆ తర్వాత తన లింకు తెచ్చి మా వాడ యువజన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "అన్నలకు, అక్కలకు జై భీమ్. మన బతుకులు మారే రోజు వచ్చింది" అని మొదలుపెట్టాడు. నేనప్పుడు బడిలో ఉన్నాను. చదవలేదు. మన పిల్లవాడు ఏదో మొదలుపెట్టాడులే అనుకుని బొటనవేలి గుర్తు ఒకటి పెట్టి ఫోను జేబులో వేసుకున్నాను.

ఆ గుర్తు చూసి 11 మంది కట్టారు. అందులో అంగన్‌వాడీ ఆయమ్మ ఒకామె. రెండు నెలల తర్వాత మా ఇంటికొచ్చి గడపలో నిలబడి అడిగింది: "సారూ, నువ్వు ఏలు ఎత్తినవు గదా అని కట్టిన. నాకు ఒక్కలు గూడ దొరకలే. నా పైసలెట్ల?"

నా దగ్గర జవాబు లేదు.

మా నాయనకు అక్షరం రాదు. పటేలు కాగితం ముందు పెడితే అందులో ఏముందో తెలియకుండా బొటనవేలు ముద్ర వేసేవాడు. ఆ ముద్రకు ఏళ్లకేళ్లు జీతం చేశాడు. ఇంకెవరూ మా ఇంట్లో అట్లా ముద్ర వెయ్యొద్దని నన్ను చదివించాడు. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. చదివి నేను చేసిందేమిటి? నాయన చదవరాక పెట్టాడు, నేను చదవొచ్చి కూడా చదవకుండా పెట్టాను. నాయన ముద్రకు నాయన ఒక్కడే బాకీ పడ్డాడు. నా గుర్తుకు 11 ఇళ్లు బాకీ పడ్డాయి. ముందు ఈ తప్పు ఒప్పుకుని, ఆ తర్వాతే ఎదుటివాడిని అడుగుతాను.

కమీషన్ కొత్తదేం కాదు

మార్కెట్ యార్డులో అడ్తిదారు మనకు తెలుసు. సరుకు రైతుది, కొనేవాడు వ్యాపారి, మధ్యన కమీషన్ అడ్తిదారుది. అఫిలియేట్ అంటే అసలు అర్థం ఇంతే. అమెరికాలో అమెజాన్ కంపెనీ 1996లోనే ఈ పద్ధతి పెట్టింది. నీకొక లింకు ఇస్తారు. అందులో నీ గుర్తు దాగి ఉంటుంది. ఆ లింకు నొక్కి వెళ్లినవాడు ఏదైనా కొంటే నీకు కొంత కమీషన్. మామూలుగా నొక్కిన 24 గంటల్లోపు కొనాలి. ఆ తర్వాత కొంటే నీకు రాదు.

ఇందులో మోసం లేదు. సరుకు ఉంది, కొన్నవాడు సరుకు కోసమే కొన్నాడు. స్ప్రేయర్ ఎట్లా పనిచేస్తుందో, ఏ మోటారు ఎన్నాళ్లు మన్నుతుందో కష్టపడి వీడియో తీసి కింద లింకు పెట్టే పిల్లలున్నారు. అది పనే. వాళ్లతో నాకు తగువు లేదు.

కానీ ఆ పనికి లెక్క ఎంతో కూడా చెప్పుకోవాలె. 500 రూపాయల వస్తువు మీద నూటికి నాలుగు అనుకుందాం. 20 రూపాయలు. నెలకు 10 వేలు రావాలంటే 500 మంది కొనాలి. లింకు నొక్కిన నూరుమందిలో ఇద్దరు కొన్నారనుకున్నా 25 వేల సార్లు నొక్కాలి. ప్రతి నెలా. మా వాడ సంఘం గ్రూపులో ఉన్నది 200 మంది!

పోనీ ఆ రేటైనా నిలకడగా ఉంటుందా? 2020 ఏప్రిల్‌లో, కరోనాతో జనం ఇళ్లలో పడి ఉన్నప్పుడు, అమెజాన్ అమెరికాలో కమీషన్లు కోసేసింది. ఫర్నిచర్ మీద నూటికి 8 ఉన్నది 3 చేసింది. కిరాణా మీద 5 ఉన్నది 1 చేసింది. ఎవడినీ అడగలేదు. మన అమ్మలు నాట్ల కాలంలో పొలం గట్టు మీద కూర్చుని కూలి రేటు పెంచితేనే దిగుతామన్నవాళ్లు. ఇక్కడ ఏ గట్టు మీద కూర్చుంటావు? ఎవడి ముందు కూర్చుంటావు? నీకు నువ్వే దొరవైతే రేటు కోసినవాడు ఎవడు?

సరుకు లేదు, మనిషే సరుకు

ఇక మన వాడకొచ్చింది ఆ అడ్తి వ్యాపారం కూడా కాదు. ఈ కోర్సులో ఏం నేర్పుతారని మా పిల్లవాణ్ణి అడిగాను. "కోర్సు ఎట్ల అమ్మాల్నో నేర్పుతరు సార్" అన్నాడు. కోర్సు అమ్మడం నేర్పే కోర్సు! సరుకేదీ?

నల్ల బల్ల మీద లెక్క వేసి చూపించాను. మీరూ వేసుకోండి. ఒక్కడు చేరాడు. ఇద్దరిని చేర్చాడు. వాళ్లు తలా ఇద్దరిని. 1, 2, 4, 8, 16. ఇట్లా 12 వరసలు పోతే మొత్తం 4,095 మంది. ఒక పెద్ద ఊరు. అందులో ఆఖరి వరసలో ఉన్నవాళ్లే 2,048 మంది. సగానికి మించి! పై వరసలవాళ్లకు ఒక్కొక్కరికి రెండు నాలుగులు ఎనిమిది వేలు వచ్చి, కట్టింది పోను వెయ్యి రూపాయలు మిగిలింది. ఆఖరి 2,048 మందికి 6,999 నిండా మునిగింది. వాళ్లు చేర్చడానికి ఊళ్లో ఇంక మనుషుల్లేరు. మరి పైన కూర్చున్న కంపెనీకో? ప్రతి తలకూ 2,999 చొప్పున ఆ ఒక్క ఊళ్లోనే కోటీ 22 లక్షలకు పైన.

ఎన్ని వరసలైనా వెయ్యండి, ఆఖరి వరస ఎప్పుడూ సగానికి మించే ఉంటుంది. కష్టపడలేదు గనక రాలేదని వాళ్లు చెప్పేది అబద్ధం. సగంమంది మునిగితేనే నడిచే లెక్క ఇది.

పాలమూరు గుంపు మేస్త్రీ గుర్తున్నాడు గదా. వాడు కూడా సొంత చుట్టాలనే పోగేసేవాడు. తలకింత అని కమీషన్ తీసుకునేవాడు. దూరదేశం తీసుకుపోయి కాలువలు తవ్వించేవాడు. దుర్మార్గమే. కానీ అక్కడ కాలువ అన్నా మిగిలింది. ఆ మేస్త్రీ కూలివాడికి ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. ఈ కొత్త మేస్త్రీ కూలివాడి దగ్గరే అడ్వాన్సు తీసుకుంటాడు!

పేర్లు మారాయి, ఆట మారలేదు

2011లో స్పీక్ ఏషియా. 11 వేలు కట్టు, ఆన్‌లైన్‌లో సర్వేలు నింపు, వారం వారం డబ్బు అన్నారు. 2017లో నోయిడాలో ఇంకొకటి బయటపడింది. డబ్బు కట్టి ఫోనులో లైకులు కొట్టు, ఒక్కో నొక్కుడుకు 5 రూపాయలు అన్నారు. 3,700 కోట్లు వసూలు చేశారని పోలీసులు లెక్క చెప్పారు. 2019లో ఈబిజ్ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టి దాన్ని నడిపేవాణ్ణి అరెస్టు చేశారు. అక్కడా అమ్మింది కంప్యూటర్ కోర్సులే. అక్కడా పట్టింది కాలేజీ పిల్లల్నే.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచాయి. పొగలో ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. ఉద్యోగం పేరు చెప్పి గొలుసుకట్టు మార్కెటింగ్‌లో తమ పిల్లలతో డబ్బు కట్టించుకున్నారని తల్లిదండ్రులు ఏడ్చారు. కట్టిన డబ్బు ఎట్లాగైనా రాబట్టుకోవాలనే ఆశే ఇట్లాంటి చోట పిల్లల్ని కట్టేస్తుంది.

ఇక బెట్టింగ్ యాప్‌ల లింకులు ఇంకా పాపం. చాలా బెట్టింగ్ కంపెనీల్లో లింకు పంపినవాడికి వచ్చే కమీషన్ ఏమిటో తెలుసా? ఆ లింకు ద్వారా వచ్చినవాడు పోగొట్టుకున్న దానిలో వాటా! నీ తమ్ముడు ఎంత పోగొట్టుకుంటే నీకంత. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఈ ఆటలను నిషేధించారు. అయినా లింకులు తిరుగుతూనే ఉన్నాయి. వీటికి ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబ్‌వాళ్ల మీద 2025 మార్చిలో హైదరాబాద్‌లో కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది.

చట్టం లేక కాదు. మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీములను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ స్కీములు కుదరవన్నాయి. చట్టం పుస్తకంలో ఉంది, లింకు మన జేబులో ఉంది.

"మీకు నెల జీతం వస్తది సారూ"

నేనీ మాటలన్నీ చెబితే మా పిల్లవాడు ఒక్క మాట అన్నాడు. "మీకు ఒకటో తారీఖు జీతం వస్తది సారూ. నాకేం వస్తది? మనోడు ఒకడు ఎదుగుతానంటే మీరే అడ్డం పడ్తరా?"

ఆ మాటలో సగం నిజం. దాన్ని కొట్టిపారెయ్యను. ఉద్యోగం చూపించని సర్కారును అడగాల్సిన నేను, ఉద్యోగం లేనివాణ్ణి నిలదీస్తే ఏం న్యాయం? భూమి లేదు, పెట్టుబడి లేదు, ఫోన్ చేస్తే పని ఇప్పించే మేనమామ లేడు. అట్లాంటివాడికి 'ఎవడి కిందా పని చెయ్యక్కర్లేదు' అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆ కంపెనీవాడికి తెలుసు. మన ఆకలిని కాదు వాడు పట్టింది, మన ఆత్మగౌరవాన్ని పట్టాడు.

మిగతా సగం అబద్ధం. వాడు ఎవరిని ఎక్కి ఎదగాలి? ఆయమ్మను. ఆటో నడిపే చిన్నాయనను. కంపెనీవాడు వాడ గడప తొక్కలేడు, తొక్కినా ఎవరూ నమ్మరు. అందుకే మన పిల్లవాణ్ణి, మన జై భీమ్‌ను, మన సంఘం గ్రూపును వాడుకున్నాడు. ఒకరి కష్టానికి ఒకరు నిలబడి ఇన్నేళ్లు కూడబెట్టుకున్న నమ్మకం అది. దాన్ని 4,000 రూపాయల కమీషన్‌కు మనచేతే అమ్మించాడు. ఆ కమీషన్ అయినా ఇచ్చాడా? మా పిల్లవాడి కింద నేరుగా చేరినవాళ్లు అయిదుగురు. ఖాతాలో 20,000 కనబడుతుంది. చేతికొచ్చింది 8,000. మిగతాది రావాలంటే ఇంకో పెద్ద ప్యాకేజీ కొనాలట!

ఏం చెయ్యాలె?

ఒకటి. సంఘం గ్రూపు సంతబజారు కాదు. ఎవరైనా లింకు పెడితే దాని మీద తనకెంత వస్తుందో అక్కడే రాయాలి. సోషల్ మీడియాలో సరుకు పొగిడేవాళ్లు కంపెనీతో తమకున్న లావాదేవీ బయటపెట్టాలని 2023 జనవరిలో కేంద్రమే చెప్పింది. సంఘంలో అంతకన్నా గట్టిగా ఉండాలి. రాయకపోతే తీసెయ్యండి.

రెండు. చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. పని ఇచ్చేవాడు నా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నాడు? కొత్తవాళ్లు చేరడం ఆగితే రాబడి ఆగిపోతుందా? కమీషన్ లేకపోతే ఈ సరుకును ఎవరైనా కొంటారా?

మూడు. మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. డబ్బు పంపిన రసీదు, మెసేజీలు, ఫోన్ నంబర్లు తుడిచెయ్యొద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. వినియోగదారుల ఫిర్యాదుకు 1915 ఉంది. స్టేషన్‌కు ఒక్కరే పోవద్దు, అందరూ కలిసి పోండి. రాసిచ్చిన కాగితానికి రసీదు అడగండి.

నాలుగు. చేర్చిన పిల్లవాణ్ణి దొంగలా చూడొద్దు, అట్లా అని వదిలెయ్యొద్దు. మా కమ్యూనిటీ హాల్లో వాణ్ణి కూర్చోబెట్టాం. ఎవరెవరి దగ్గర ఎంత కట్టించాడో వాడే లేచి చదివాడు. చేతికొచ్చిన 8,000 తిరిగి ఇస్తానన్నాడు. ఆయమ్మ డబ్బులో సగం నేను పెట్టుకున్నాను. అది దానం కాదు, నా వేలికి పడ్డ జరిమానా. 12 మంది పేర్లతో ఫిర్యాదు రాశాం. మొదటి సంతకం వాడిదే.

డబ్బు వస్తుందో రాదో చూడాలి. కానీ ఆ రోజు ఆయమ్మ సంతకం పెట్టే ముందు కాగితం నా చేతికిచ్చి, "సారూ, ఈసారి మొత్తం సదివి ఇనిపియ్యి" అంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. విన్నాకే పెట్టింది.

అన్నలారా, అక్కలారా, చదువుకున్నవాళ్లం మనం చెయ్యాల్సింది ముందుగా ఈ పనే. చదవండి. చదివి వినిపించండి. ఆ తర్వాతే వేలు ఎత్తండి.